వడగట్టిన దోమ, మింగిన ఒంటె

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోతున్నా ఒక తల్లి మాత్రం వెనక బెంచీ దగ్గరే నిలబడిపోయింది. ప్రార్థన చేయించుకోవడానికి కాబోలనుకుని దగ్గరికి వెళ్లాను. ఆమె చేతిరుమాలు ముడి విప్పి ఒక వస్తువు చూపించింది. వేలెడు పొడవు, నీలం రంగు, ఒక కొస నొక్కినట్టు చదునుగా ఉంది. ‘‘అయ్యగారండీ, మావాడి కాలేజీ బ్యాగులో దొరికిందండీ. అడిగితే పెన్‌డ్రైవ్ అంటాడు. మామిడిపండు వాసనొచ్చే పెన్‌డ్రైవ్ ఎక్కడైనా ఉంటుందాండీ?’’ అంది.

నిజం చెప్పాలంటే అదేమిటో నాకూ తెలియలేదు. ముప్పై ఏళ్ల పరిచర్యలో సారా ప్యాకెట్లు చూశాను, గుట్కా పొట్లాలు చూశాను. ఇది చూడలేదు. అటుగా వెళ్తున్న తొమ్మిదో తరగతి సండేస్కూలు పిల్ల ఒక్కసారి తొంగిచూసి, ‘‘అది వేప్ అయ్యగారూ’’ అని చెప్పి చక్కా వెళ్లిపోయింది. పక్కనున్న పెద్దామె ‘‘వేపా? పళ్లు తోముకునేదా?’’ అని అడిగింది. నవ్వొచ్చింది గానీ ఆ తల్లి ముఖం చూసి నవ్వలేకపోయాను. తొమ్మిదో తరగతి పిల్లకు తెలిసింది కాపరికి తెలియలేదే అన్న సిగ్గు కూడా వేసింది.

సాయంత్రం కుర్రవాడు వచ్చాడు. ఇంటర్ రెండో ఏడాది. అబద్ధం చెప్పలేదు. స్నేహితుడు ఇచ్చాడన్నాడు. ఆ స్నేహితుడు ఎవరికో ఫోన్లో చెబితే పార్సిల్లో వస్తుందన్నాడు. మొదట్లో వారానికోసారి తాగేవాణ్ణి, ఇప్పుడు నిద్ర లేవగానే చెయ్యి దానికోసమే తడుముతోంది అన్నాడు. నేను ఊపిరితిత్తుల గురించి చెప్పాను, దేహం దేవుని ఆలయమన్న సంగతీ చెప్పాను. తలొంచుకుని అన్నీ విన్నాడు. వెళ్లేముందు తలెత్తి ఒక్క మాట అడిగాడు. ‘‘మా నాన్న రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తాడు. తాతకు చుట్ట లేకపోతే పొద్దు గడవదు. వాళ్లు కొనే కొట్టు మా కాలేజీ గేటుకి ఎదురుగానే ఉంది. అది తప్పు కాదు గానీ ఇది మాత్రం నేరమా అయ్యగారూ?’’

ఊపిరితిత్తుల ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. దీనికి లేదు. ఇంటికెళ్లి చట్టం ఏం చెబుతోందో చదివాను. చదివిన తర్వాత కుర్రవాడి ప్రశ్న ఇంకా పెద్దదైంది.

ముందుగా ఆ వస్తువు సంగతి. లోపల చిన్న బ్యాటరీ, ఒక తీగచుట్ట, కాస్త ద్రవం ఉంటాయి. పీల్చగానే తీగ వేడెక్కి ద్రవం ఆవిరవుతుంది. ఆ ద్రవంలో నికోటిన్, దానితోపాటు పండ్ల వాసనలు, పుదీనా వాసనలు కలుపుతారు. ఆకు కాలదు కాబట్టి తారు ఉండదు, బూడిద ఉండదు. ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో దీన్ని 2003లో తయారుచేసింది హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు. ఆయనకూ సిగరెట్ల అలవాటు ఉండేది. దాని నుంచి బయటపడాలని చేసిన ప్రయత్నమిది. ఉద్దేశం మంచిదే. కానీ సిగరెట్ మానాలనుకునే యాభై ఏళ్ల మనిషికోసం పుట్టిన వస్తువు, ఎన్నడూ సిగరెట్ ముట్టని పదిహేనేళ్ల పిల్లల చేతికి చేరింది. అమెరికాలో 2019లో హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం మంది దీన్ని వాడుతున్నట్టు అక్కడి ప్రభుత్వ సర్వేలోనే తేలింది. నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ. అదే ఏడాది అక్కడ జూల్ అనే కంపెనీ భారతదేశంలో అడుగుపెట్టడానికి సిద్ధమవుతోంది.

మన ప్రభుత్వం భయపడింది. భయపడటంలో తప్పు లేదు. 2018 ఆగస్టులోనే కేంద్ర ఆరోగ్య శాఖ వీటిని అనుమతించవద్దని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. 2019 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి పూర్తి నిషేధమే మంచిదంది. ఆ సెప్టెంబరు 18న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మంత్రివర్గ నిర్ణయాన్ని ప్రకటించారు. ఆర్డినెన్స్ వచ్చింది. డిసెంబరులో అదే చట్టమైంది. ఈ-సిగరెట్ తయారుచేసినా, దిగుమతి చేసినా, ఎగుమతి చేసినా, రవాణా చేసినా, అమ్మినా, ప్రకటన ఇచ్చినా మొదటిసారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు లేదా యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎస్సై స్థాయి అధికారి సోదా చేయవచ్చు. నికోటిన్ ఉన్నా లేకపోయినా నిషేధమే. పీల్చేవాణ్ణి శిక్షించే సెక్షన్ మాత్రం ఇందులో విడిగా లేదు. చట్టం గురి అమ్మేవాడి మీద పెట్టింది. ఈ ఒక్క విషయంలో చట్టం రాసినవారిని మెచ్చుకోవాలి. ఆ కుర్రవాడి భయం సగం తగ్గించడానికి నాకు పనికొచ్చింది ఈ మాటే.

మరి సిగరెట్ల సంగతి? దానికి 2003లో చేసిన చట్టం ఉంది. 18 ఏళ్లు నిండనివారికి సిగరెట్ అమ్మకూడదు. బడికీ కాలేజీకీ 100 గజాల లోపు అమ్మకూడదు. ఎవరైనా అమ్మితే ఆ చట్టం వేసే జరిమానా ఎంతో తెలుసా? 200 రూపాయల వరకు. పొరపాటు చదివానేమోనని రెండోసారి చూశాను. రెండు వందలే. మామిడి వాసన ఆవిరి అమ్మితే లక్ష, కాలేజీ గేటు ముందు పిల్లవాడికి సిగరెట్ అమ్మితే రెండు వందలు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో పిల్లలకు పొగాకు ఇచ్చేవారికి ఏడేళ్ల వరకు జైలు అన్న సెక్షన్ ఉంది. కాగితం మీద అది గట్టిదే. మా ఊళ్లో కొట్టువాడికి ఆ సెక్షన్ సంగతి చెబితే నమ్మలేదు. అలాంటిది ఉంటే ఇన్నేళ్లలో ఒక్కరైనా వచ్చి అడిగేవారు కదా అన్నాడు.

సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ వేయాలని 2016 నుంచి నిబంధన ఉంది. మంచిదే. కానీ పిల్లవాడు పెట్టె కొనడు. ఒక్కటి కొంటాడు. విడి సిగరెట్ మీద ఏ బొమ్మా ఉండదు. కొట్టువాడే అగ్గిపెట్టె ఇస్తాడు, తాడుకు కట్టిన లైటరూ ఉంటుంది. విడిగా అమ్మకూడదని కొన్ని రాష్ట్రాలు నియమం పెట్టుకున్నాయి గానీ దేశమంతటికీ అలాంటి నిషేధం లేదు.

ఇప్పుడు లెక్కలు చూడండి. ప్రభుత్వమే 2016-17లో చేయించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అంటే 26 కోట్లకు పైగా మనుషులు. వీరిలో పొగ తాగేవారి కంటే ఖైనీ, గుట్కా వంటివి నమిలేవారే ఎక్కువ. అదే సర్వేలో ఈ-సిగరెట్ వాడుతున్నవారు 0.02 శాతం. పదివేల మందిలో ఇద్దరు. పొగాకు మూలంగా మన దేశంలో ఏటా దాదాపు 13.5 లక్షల మంది చనిపోతున్నారని ఆరోగ్య శాఖ తరచూ చెప్పే లెక్క. పదివేల మందిలో ఇద్దరి దగ్గరున్న దానికి రాత్రికి రాత్రి ఆర్డినెన్స్ వచ్చింది. పదివేల మందిలో 2,860 మంది దగ్గరున్న దానికి రెండు వందల జరిమానా ఉంది. ఆర్డినెన్స్ ప్రకటించిన రోజున స్టాక్ మార్కెట్లో సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయి. దేశంలోని అతిపెద్ద సిగరెట్ కంపెనీలో ఆనాటికి ప్రభుత్వ బీమా సంస్థలు, ప్రభుత్వం తరఫున వాటాలు చూసే మరో సంస్థ కలిపి పావు వంతుకు మించిన వాటా పెట్టుకుని ఉన్నాయి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి నేను కొత్తగా ఏమీ ఆరోపించడం లేదు. అవి పక్కపక్కనే ఉన్నాయి, అంతే.

మత్తయి సువార్త 23వ అధ్యాయం చదివినవారికి యేసుప్రభువు శాస్త్రులనూ పరిసయ్యులనూ అడిగిన ప్రశ్నలు గుర్తుంటాయి. ధర్మశాస్త్రం ప్రకారం దోమా అపవిత్రమే, ఒంటే అపవిత్రమే. లేవీయకాండము 11వ అధ్యాయంలో రెండూ తినకూడని వాటి వరసలోనే వస్తాయి. ద్రాక్షారసంలో దోమ పడుతుందేమోనని వాళ్లు గుడ్డ కట్టి వడపోసుకునేవారు. అంత జాగ్రత్త పడే మనిషి కళ్లముందున్న ఒంటెను అమాంతం మింగేస్తున్నాడని ప్రభువు ఎత్తిపొడిచాడు. ఆయన మాట్లాడిన అరామిక్ భాషలో దోమ అనే మాటా ఒంటె అనే మాటా వినడానికి దగ్గరగా ఉంటాయంటారు పండితులు. విన్నవాళ్లు నవ్వే ఉంటారు. మనం పెద్దగా గమనించని సంగతి మరొకటి అక్కడే ఉంది. దోమను వడగట్టడం తప్పని ఆయన అనలేదు. పుదీనాలో పదోవంతు ఇవ్వడమూ మానవద్దన్నాడు. అది చేస్తూనే న్యాయమూ కనికరమూ విడవకూడదన్నాడు. కాబట్టి ఈ చట్టాన్ని ఎత్తేయమని నేను రాయడం లేదు. పిల్లల వరకు చూస్తే అది ఉండాల్సిందే. దాన్ని చూపించి ఒంటె సంగతి మరిచిపోతున్నామే అన్నదే నా బాధ.

నిషేధించినంత మాత్రాన దోమైనా పోయిందా అంటే అదీ లేదు. అయిదారేళ్లు గడిచాక కూడా ఆ కుర్రవాడి బ్యాగులోకి అది వచ్చింది. అమ్మకాలు ఆన్‌లైన్‌లోనూ, బడుల దగ్గరా సాగుతున్నాయని కేంద్ర ఆరోగ్య శాఖే 2023 మేలో మళ్లీ హెచ్చరిక జారీ చేయాల్సివచ్చింది. ఆ జులైలో, ఉల్లంఘనలను ప్రజలే తెలియజేయడానికి ఒక వెబ్‌సైట్ కూడా తెరిచింది. 2025 డిసెంబరులో లోక్‌సభలోనే ఒక సభ్యుడు ఈ-సిగరెట్ తాగుతున్నారని అనురాగ్ ఠాకూర్ స్పీకర్‌కు ఫిర్యాదు చేశారు. ఆ ఆరోపణ నిజానిజాలు నేను తేల్చేవి కావు. చట్టం చేసిన సభలోనే అలాంటి మాట వినబడిందంటే, బయట కాలేజీ హాస్టళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

దొంగచాటు సరుకుకు ఇంకో ప్రమాదం ఉంది. లోపల ఏమున్నదో ఎవరికీ తెలియదు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. 2020 ఫిబ్రవరి నాటికి మృతులు 68 మంది. ఎక్కువ కేసుల్లో కారణం గంజాయి నూనెలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేలింది. అంగడిలో లైసెన్సుతో అమ్మే సరుకులో కాదు, చాటుమాటుగా చేతులు మారే సరుకులోనే అది ఎక్కువగా దొరికింది. మావాడు కొన్నదాంట్లో ఏముందని అడిగితే, ‘‘మామిడి అని రాసుంది అయ్యగారూ’’ అన్నాడు. అతనికి తెలిసింది అంతే.

మిగతా దేశాలు ఏం చేస్తున్నాయని చూస్తే ఎవరిదారి వారిదే. ఇంగ్లండ్ మనకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. సిగరెట్ మానాలనుకునేవారికి వేప్ మంచిదేనని అక్కడి వైద్యులు చెప్పారు. 2023లో పది లక్షల మంది పొగతాగేవారికి ఉచితంగా ఇచ్చే పథకం కూడా మొదలుపెట్టారు. తీరా రంగురంగుల చౌక వేప్‌లు పిల్లల జేబుల్లోకి వెళ్లేసరికి, ఒక్కసారి వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి మందుల షాపులో తప్ప మరెక్కడా అమ్మకూడదు. చైనాలో, అంటే అది పుట్టిన దేశంలోనే, పొగాకు రుచి తప్ప పండ్ల రుచులన్నీ 2022 అక్టోబరు నుంచి నిషేధం. అమెరికా 2019 డిసెంబరులో పొగాకు కొనే వయసును 21కి పెంచింది, రుచుల మీద ఆంక్షలు పెట్టింది. ఇందాక చెప్పిన 27.5 శాతం 2024 నాటికి 7.8 శాతానికి దిగింది.

ఇందులో మనం ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. సిగరెట్ కంటే వేప్‌తో హాని తక్కువన్నది వైద్యులు చాలామంది ఒప్పుకునే మాటే. సిగరెట్ మాన్పించడంలో నికోటిన్ బిళ్లల కంటే అది ఎక్కువమందికి పనిచేస్తోందని పరిశోధనలన్నీ కూడగట్టి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్పింది. మన చట్టం ఆ దారి మూసేసింది. మూయడం తప్పా అంటే, 26 కోట్ల మంది పొగాకు వాడే దేశంలో, రెండు వందల జరిమానా కూడా వసూలు చేయలేని వ్యవస్థ చేతికి దీన్ని ‘పెద్దలకు మాత్రమే’ అని రాసి ఇస్తే ఏమవుతుందో నేను ఊహించగలను. అందుకే నిషేధం వైపే నిలబడతాను. కానీ ఒక దారి మూసినవాడు ఇంకో దారి చూపించాలి గదా. నికోటిన్ గమ్ మన మందుల షాపుల్లో ఉంది, 2 మిల్లీగ్రాములది డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారు. పొగాకు మానాలనుకునేవారికి ప్రభుత్వమే ఉచిత ఫోన్ నంబరు పెట్టింది. 1800-112-356. సిగరెట్ పెట్టెల మీద కూడా అచ్చువేస్తున్నారు. ఆదివారం సభలో ఈ నంబరు ఎందరికి తెలుసని చేతులెత్తమన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. రోజుకో పెట్టె కొనే మా కమిటీ సభ్యుడి చెయ్యి కూడా లేవలేదు. ఆయనే ఆ కుర్రవాడి తండ్రి.

ఒంటెను ఒక్కరోజులో బయటికి కక్కడం సాధ్యం కాదని నాకు తెలుసు. మా సంఘం ఉన్నది ప్రకాశం జిల్లాలో. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వైపు వెళ్తే రోడ్డుకు రెండుపక్కలా బ్యారన్లే. ఆ కుర్రవాడి తాత వయసులో ఉన్నప్పుడు బ్యారన్ దగ్గర కూలి. పచ్చాకు కర్రలకు కట్టి రాత్రంతా మంట చూసుకునేవాడు. మంచులో తడిసిన ఆకు కొట్టిన రోజున తల తిరిగి వాంతులయ్యేవని చెబుతాడు. అది ఎండదెబ్బ అనుకునేవారట. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మా ప్రాంతంలో క్రైస్తవ సంఘాలు కట్టింది ఎక్కువగా ఇలాంటి కూలి కుటుంబాలే. 1878 జులైలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల ఇది. ఆ మనవలు, మునిమనవలు ఈ ఆకు మీదే బతికారు. కోతపండుగనాడు బల్లమీద పెట్టిన కానుకలో ఆకు డబ్బు ఎంతుందో లెక్క తీస్తే మా గుడి గోడల్లో సగం దానివే అవుతాయి. 2015లో వేలంలో ధర పడిపోయినప్పుడు ఈ జిల్లా రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అటు నిజామాబాద్, జగిత్యాల వైపు వెళ్తే బీడీలు చుట్టి పిల్లలను చదివించిన అక్కలు వేలల్లో ఉన్నారు. రేపటినుంచి పొగాకు వద్దనేస్తే వీళ్లందరి అన్నం ఏమవుతుందో చెప్పకుండా చేసే ప్రసంగం ప్రసంగమే కాదు.

వేప్‌ను నిషేధించడం తేలికైంది కూడా ఇందుకేనని నా అనుమానం. దాని వెనుక రైతు లేడు, కూలి లేడు, వేలం కేంద్రం లేదు, పన్ను రాబడి లేదు. ఎదిరించేవాడు లేని శత్రువు మీద గెలుపు ప్రకటించుకోవడం సులభం. ఒకే ప్రభుత్వంలో ఆరోగ్య శాఖ పెట్టె మీద క్యాన్సర్ బొమ్మ వేయిస్తుంది. వాణిజ్య శాఖ కింద, గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు ఆకు ఎగుమతులు పెంచే పని చూస్తుంది. రెండు శాఖలూ తమతమ పని సక్రమంగానే చేస్తున్నాయి. ద్వితీయోపదేశకాండము సంచిలో రెండు రకాల తూకపురాళ్ల గురించి చెబుతుంది. అక్కడ వర్తకుణ్ణి తిట్టింది రాయి బరువు తక్కువైనందుకు కాదు, రెండు రాళ్లు ఉన్నందుకు.

ప్రభుత్వాన్ని అని ఊరుకుంటే ఈ పేజీ చదివేవారికి హాయిగానే ఉంటుంది. మన సంచిలోనూ రెండు రాళ్లు ఉన్నాయి. పొగాకు గురించి బైబిల్లో ఒక్క మాట లేదు. ఉండదు, ఆ మొక్క అమెరికా ఖండం నుంచి మిగతా ప్రపంచానికి వచ్చిందే పదిహేనో శతాబ్దం చివర. దాంతో ఎవరికి తోచినట్టు వారు తీర్పు చెప్పుకున్నాం. లండన్‌లో వేలమందికి బోధించిన స్పర్జన్ చుట్ట కాల్చేవాడు. 1874లో దానిమీద పెద్ద గొడవే జరిగింది. ఆయన ప్రసంగాలు తెలుగులో చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనం ఆ సంగతి మాత్రం పిల్లలకు చెప్పం. మా చిన్నప్పుడు ముక్కుపొడి పీల్చే బోధకులుండేవారు, తెల్ల రుమాలు మీద ఆ మరకలు నాకింకా గుర్తు. శ్రీకాకుళం వైపు పల్లెల్లో అడ్డపొగ తాగే అవ్వలను చూశాను. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. అంగిలిలో పుండ్లు పడతాయి, కొందరికి అవి క్యాన్సరవుతాయి. వాళ్లను ఏ సంఘమూ వెలివేయలేదు. వెలివేయకపోవడం మంచిదే, ఆ అవ్వకు డాక్టరు కావాలి గానీ తీర్పు ఎందుకు? ఆ కనికరం మనవడి దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతోంది? ఆ తల్లి నాతో రెండోమాటగా అడిగింది ఏమిటంటే, ‘‘ఈ సంగతి కమిటీవాళ్లకు తెలియకుండా చూస్తారా అయ్యగారూ, యూత్‌లో పాటలు పాడనివ్వరేమో’’ అని. కమిటీ మీటింగ్ ముగిశాక ప్రహరీ వెనక సిగరెట్ వెలిగించుకునే పెద్దలు ముగ్గురు ఉన్నారు. వాళ్లలో ఒకరు ఆమె భర్తే.

కొరింథు సంఘంలో మాంసం గొడవ వచ్చినప్పుడు పౌలు తిన్నవాడిదా తప్పు, తిననివాడిదా అని తేల్చలేదు. తాను తినే హక్కున్నా, అది చూసి ఒక బలహీనుడు పడిపోతాడంటే ఆ హక్కు తనకొద్దన్నాడు. చట్టం మన పెద్దలకు సిగరెట్ హక్కు ఇచ్చింది. ప్రహరీ వెనక ఆ హక్కు వాడుకుంటున్నప్పుడు, గోడకివతల సైకిల్ స్టాండ్ వేస్తున్న పిల్లలు చూస్తున్నారు. వాళ్లకు పొగకూ ఆవిరికీ తేడా తెలుసు, మనకు తెలియదు. వాళ్లు నేర్చుకున్నది పొగో ఆవిరో కాదు. పెద్దవాళ్లయ్యాక కష్టం వస్తే, విసుగొస్తే జేబులో చెయ్యి పెట్టుకోవాలన్న సంగతి. 2019లో 13 నుంచి 15 ఏళ్ల బడిపిల్లల మీద దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నామన్నారు. ఈ-సిగరెట్ ఎప్పుడైనా రుచి చూసినవారు 2.8 శాతం. ఎనిమిదిన్నర శాతానికి సరుకు చైనా నుంచి పార్సిల్లో రాలేదు. వీధి చివరి కొట్టు నుంచి వచ్చింది.

ఇప్పుడు చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. చట్టసభ చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. 2003 నాటి రెండు వందల జరిమానాను ఈ కాలానికి తగ్గట్టు పెంచాలి. విడి సిగరెట్ అమ్మకం ఆపాలి. కర్ణాటక 2024లో తన చట్టాన్ని సవరించి వయసు 21 చేసింది, బహిరంగంగా కాల్చితే జరిమానా వెయ్యికి పెంచింది. తెలంగాణ అదే ఏడాది హుక్కా కేంద్రాలను మూయించింది. ఆంధ్రప్రదేశ్‌లో మనమూ అడగవచ్చు. అడిగేటప్పుడు బ్యారన్ రైతుకు వేరే పంట మీద గిట్టుబాటు ధర కూడా కలిపి అడగాలి. అది లేకుండా అడిగితే ఒంగోలులో ఎవరూ వినరు, వినకపోవడమే సబబు. ఇక సంఘంగా చేయగలిగింది, కాలేజీ గేటు నుంచి కొట్టు వరకు అడుగులు కొలవడం. మా పెద్దలు ఇద్దరు ఒక సోమవారం కొలిచారు. 40 గజాలు. కొలిచినవారిలో ఒకాయన ఆ కొట్టుకు పాత ఖాతాదారే. కొట్టువాడితో గొడవ పడలేదు. కొట్టు కాస్త దూరం జరపమని, లేదంటే సిగరెట్లు మానేసి జిరాక్స్ మెషీన్ పెట్టుకోమని అడిగారు. ఆలోచిస్తానన్నాడు. కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు.

కుర్రవాడు యూత్‌లో పాటలు మానలేదు, మాననివ్వలేదు. మొదటి వారం తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టదు అన్నాడు. ఆ నంబరుకు ఫోన్ చేశాడు. పదో రోజున మళ్లీ స్నేహితుడిది ఒకసారి పీల్చానని తనే వచ్చి చెప్పాడు. అప్పటినుంచి శనివారం సాయంత్రాలు ఫోన్ చేస్తున్నాడు. వాళ్ల నాన్న కూడా ఆ నంబరు చీటీమీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు, సిగరెట్ పెట్టె పక్కనే. ఇంకా చేసినట్టు లేదు. ఆ నీలం వస్తువు నా బల్ల సొరుగులోనే ఉంది. చెత్తలో పారేద్దామంటే లోపల లిథియం బ్యాటరీ ఉంది, నలిగితే అంటుకుంటుందట. ఎక్కడ ఇవ్వాలో కనుక్కుంటున్నాను. సొరుగు తెరిచినప్పుడల్లా ఇంకా మామిడిపండు వాసన వస్తోంది.